తప్పిపోవాలనుకున్న వదిన

ఆ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా అందరి నోటా వచ్చే మాట ఒకటే: "వదినా, ఎక్కడుంది?" కళ్ళజోడైనా, ట్రాక్టరు తాళంచెవైనా, అత్తగారి మాత్రలైనా సరే, ఆమె తల తిప్పకుండానే చెప్పేసేది. పొయ్యి మీది పాలని చూస్తూనే, "షెడ్డులో, నూనెడబ్బా వెనకాల" అనేది. వెళ్ళి చూస్తే అక్కడే ఉండేది. నిజానికి ఆమెని వదినా అని పిలవాల్సింది ఒక్క ఆడపడుచే. కానీ ఆ పిలుపు జలుబులా పాకి ట్రాక్టరు డ్రైవరుకీ, పాలవాడికీ, ఎరువుల కొట్టు ఆసామికీ కూడా అంటుకుంది. అత్తగారు మాత్రం అమ్మాయ్ అంటుంది. మొగుడు ఏమోయ్ అంటాడు.

వాళ్ళకి పెద్ద రోడ్డు పక్కన మొక్కజొన్న చేనుంది. దాన్ని చిక్కుదారుల చేనుగా మార్చి, జనానికి టిక్కెట్టు పెట్టి దారి తప్పించాలన్న ఆలోచన వదినదే. విత్తనం నిలువు సాళ్ళలో ఒకసారి, అడ్డ సాళ్ళలో ఒకసారి వేస్తారు, గోడలు చిక్కగా రావాలని. మొక్క మోకాలెత్తుకి రాగానే గూటాలు పాతి, పురికొస లాగి, గడ్డికోత మిషనుతో దారులు తీస్తారు. ఆ తర్వాత చేను మనిషిని మించి ఎదుగుతుంది. సెలవు రోజున జనం వచ్చి, లోపలికెళ్ళి, తప్పిపోయి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని, నవ్వుకుని, ఎలాగో బయటపడి, ఉడికించిన పొత్తు కొరుక్కుంటూ ఇళ్ళకి పోతారు. అన్నీ అయ్యాక చేను కోసి పశువుల మేతకి అమ్మేస్తారు.

దారులు గీసేది వదిన. కోసేది మొగుడు. టిక్కెట్ల దగ్గర ఆడపడుచు. బయటికొచ్చే దారి దగ్గర అత్తగారు, ఆవిడ పక్కన పొత్తులుడికే పెద్ద గిన్నె. జనం వచ్చినప్పుడు వదిన చేను అంచున మంచె ఎక్కి మైకు పట్టుకుంటుంది. చేతులెత్తేసినవాళ్ళు, వెంట ఇచ్చిన పసుపు జెండా పైకెత్తితే చాలు.

"పసుపు జెండా అన్నయ్యా, మీరు మూడోసారి అక్కడికే వచ్చారు. ఇందాకట్నుంచీ మీ ఆవిడ కుడి అంటోంది. వినండి, పోయేదేం లేదు."

చేనంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. కానీ బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూసినప్పుడల్లా ఆమెకి లోపల ఏదో కలుక్కుమనేది. అప్పుడే నిద్రలేచినవాళ్ళ మొహాల్లా ఉండేవి అవి. కళ్ళు కాస్త పెద్దవై, నోరు కాస్త తెరుచుకుని, తామెవరో ఒక్క క్షణం మర్చిపోయి మళ్ళీ గుర్తు తెచ్చుకుంటున్నట్టు. తనకి ఆ మొహం ఎప్పుడైనా వచ్చిందా? అద్దంలో కనిపించేది ఎప్పుడూ ఒకటే, జవాబు సిద్ధంగా పెట్టుకున్న మొహం. తన చేలో తను దారి తప్పలేదు. గీసింది తనే కదా. ఇంకొకళ్ళ చేనుకి వెళ్దామంటే చుట్టుపక్కల ఎక్కడా అలాంటిది లేదు.

విత్తనాలు వేసే ముందు ఒక సాయంత్రం మొగుడితో అంది.

"ఈసారి దారులు మీరు గీయండి."

"నేనా? ఎందుకూ, నీ గీతలు..."

"నా గీతలు బాగానే ఉన్నాయి. నాకొకసారి తప్పిపోవాలనుంది."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చూశాడు. అత్తగారు కూడా చూసింది.

"ఇల్లు వదిలి పోతానంటే అర్థముంది," అంది అత్తగారు. "చేలో తప్పిపోవడమేంటే అమ్మాయ్, టిక్కెట్టు కూడా కొనకుండా?"

"టిక్కెట్టు కొంటాలెండి అత్తయ్యా."

"కొను మరి. కోడలైనా కొడుకైనా ఉత్తపుణ్యానికి పంపితే దుకాణం మూసుకోవాలి."

మొగుడు మళ్ళీ అన్నం కలుపుతూ, "సరే, కానీ కాగితం మీద గీయను. ఏ కాగితం ఎక్కడ దాచినా నీకు..."

"దొరుకుతుంది," అంది వదిన.

"అదే. అందుకని మనసులోనే ఉంచుకుంటాను."

మనసులో ఉంచుకోవడం ఆయన వల్ల కాదని ఇంట్లో అందరికీ తెలుసు. పుట్టినరోజుకి ఏం కొన్నాడో, కొన్నరోజే ఆయన నడకలో తెలిసిపోతుంది. అయినా ఆమె ఒప్పేసుకుంది. ఆశ పుట్టిన మనిషి అనుమానాల్ని గుమ్మం బయటే నిలబెడుతుంది.

మొక్క మోకాలెత్తుకి వచ్చింది. మిషను చప్పుడు మొదలైంది. వదిన వంటింట్లో కిటికీ మూసి, రేడియో పెట్టింది. లాభం లేకపోయింది. పాట కిందనుంచి మిషను మూలుగు పాకి వస్తూనే ఉంది. ఇప్పుడు దూరమైంది, అంటే పంపుసెట్టు వైపు. ఇప్పుడు ఆగింది, అంటే తిప్పుతున్నాడు. ఆమె వద్దనుకుంటున్నా బుర్ర తనంతట తను గీత గీసుకుంటూ పోతోంది. కూరగాయలు తరిగే చేతిని ఎవరైనా ఆపమంటే ఆగుతుంది. ఇది ఆగేది కాదు. ఆమెకి తన బుర్ర మీద చిరాకేసింది. పిలవని చోటికి వెళ్ళి, అక్కడ సామాన్లు సర్దే చుట్టంలా ఉంది అది.

చివరికి కోత అయిపోయేదాకా చెల్లెలింటికి పారిపోయింది. తిరిగొచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే అందుకుంది.

"ఆ పంపుసెట్టు మూల వాడేం చేశాడో చూశావా అమ్మాయ్..."

వదిన రెండు చెవులూ మూసుకుని ఇంట్లోకి పరిగెత్తింది. వెనకనుంచి ఆడపడుచు, "అమ్మా, నీ నోటికి కూడా ఒక గేటు పెట్టించాలి" అనడం చెవులు మూసుకున్నా వినపడింది.

చేను ఎదిగింది. పూత వచ్చి పొత్తులు పట్టాయి. జనానికి తెరవడానికి ముందురోజు మధ్యాహ్నం వదిన టిక్కెట్టు కొనుక్కుంది. ఆడపడుచు చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, పసుపు జెండా కూడా చేతికివ్వబోయింది.

"వద్దు."

"రూలు వదినా. అందరికీ ఇస్తాం."

"నేను అందరిలో ఒకదాన్నైతే ఈ గొడవెందుకు?"

మొగుడు అప్పటికే మంచె ఎక్కి కూర్చున్నాడు. మైకు ముట్టుకోనని మాటిచ్చాడు.

లోపలికి అడుగుపెట్టగానే గాలి మారింది. ఆకులు భుజాల్ని రాస్తున్నాయి. పచ్చి వాసన, కాళ్ళ కింద పరిచిన గడ్డి మెత్తగా. మొదటి చీలిక దగ్గర ఆమె ఆశగా ఆగింది. కుడివైపు దారి తడిగా ఉంది. ఎడమవైపు పొడిగా ఉంది. మొగుడు ఎవరి చెప్పులకీ బురద అంటనివ్వడు. ఎడమ. రెండో చీలిక దగ్గర ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. పిల్లల్నెత్తుకుని వచ్చేవాళ్ళుంటారని వెడల్పుగా తీసుంటాడు. వెడల్పే. మూడో చోట నీడ ఉన్న వైపు.

ఆమె నడక వేగమైంది. వేగమైనకొద్దీ మనసు చిన్నబోయింది. ఇది చిక్కుదారి కాదు, ఆయన మాటతీరు. కాదని చెప్పాలనుకుంటే నాలుగు వంకరలు పోయి చివరికి సరేనన్న దగ్గర తేలే మనిషి. ఎక్కడ తిప్పినా ఎదటివాళ్ళకి కష్టం కలగకుండా తిప్పుతాడు. ఇన్నేళ్ళ కాపురం ఆమె చేతిలో పటంలా పరుచుకుని ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టడం ఎలాగో తెలియడం లేదు.

గోడ అవతలనుంచి, అత్తగారు రుచి చూడ్డానికి పెట్టిన పొత్తులుడికే వాసన వచ్చింది. అంటే బయటి దారి దగ్గర్లోనే ఉంది. ఆమె ఆగిపోయింది.

ఏం చెయ్యాలి? ఇప్పుడే బయటికెళ్తే మంచె మీది మనిషి మొహం ఎలా పడిపోతుందో ఆమెకి చూడకుండానే తెలుసు. కాసేపు ఇక్కడే నిలబడి, ఆలస్యంగా వెళ్ళి, అమ్మో అంటే? నటించడం ఆమెకి కొత్త కాదు. ఎక్కడ దాచాడో తెలిసిన బహుమతిని చూసి ఎన్నిసార్లు ఆశ్చర్యపోలేదు? అక్కడే, మొక్కల మధ్య నిలబడి, కళ్ళు కాస్త పెద్దవి చేసింది. నోరు కాస్త తెరిచింది. ఒక మిడత ఆకు మీదనుంచి ఆమెని చూసి ఎగిరిపోయింది. ఆమెకి తనమీద తనకే జాలి, నవ్వూ కలిసి వచ్చాయి.

సరే, కానివ్వు అనుకుని ఆఖరి మలుపు తిరిగింది. కుడివైపుకి వెళ్ళాలి, వాసన అటే.

కుడివైపు గోడ.

ఎడమవైపు సన్నటి దారి, పక్కకి తిరిగితే గానీ పట్టనంత సన్నం. ఇది మొగుడు తీసే దారి కాదు. పొరపాటున మిషను జారిందేమో అనుకుంటూ దూరింది. అది మలుపు తిరిగింది, మళ్ళీ తిరిగింది, బురదలోకి దింపింది, మూడుగా చీలింది. ఆమె ఒకటి పట్టుకుంది. మూసుకుపోయింది. వెనక్కొచ్చి ఇంకోటి పట్టుకుంది. అది చుట్టూ తిప్పి ఒక చోట వదిలేసింది. ఇంతకుముందు చూసిన చోటేనా, దానిలాంటి ఇంకో చోటా? వాసన ఇప్పుడు ఏ వైపునుంచీ రావడం లేదు. ఎండ ఎటుందో చూద్దామంటే ఆకులు కమ్మేశాయి. చెప్పులు బురదలో దిగిపోయాయి.

మొదట వచ్చింది ఆనందం కాదు, కోపం. ఇంత దుర్మార్గపు దారి ఆయన ఎలా తీశాడు? తర్వాత భయం. భయం దారి గురించి కూడా కాదు. ఆయనలో ఇలాంటి గది ఒకటుందని తెలియకుండా తను ఇన్నేళ్ళు కాపురం చేసిందా?

మంచె వైపునుంచి మాటలు వినపడ్డాయి. అత్తగారు మంచె కిందికి వచ్చినట్టుంది.

"ఒరేయ్, అమ్మాయి తిరిగిన చోటే తిరుగుతోందటగా. చెప్పరా దారి."

"చెప్పనమ్మా."

వంకరలు లేవు. ఒక్క మాట. ఆమె బురదలో నిలబడి ఆ మాటని మళ్ళీ విన్నట్టు తల పక్కకి వంచింది. తర్వాత గొంతెత్తి పిలిచింది.

"ఏమండీ, ఇది మీరే కోశారా?"

"నేనే."

"ఎవరూ సాయం పట్టలేదా?"

"లేదు."

"ఇన్ని మలుపులు ఎప్పుడు ఆలోచించారు మీరు?"

పైన కాసేపు చప్పుడు లేదు. ఇలాంటప్పుడు మామూలుగా అయితే ఆయన చెప్పబోయేది ఆమే చెప్పేసేది. ఈసారి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆగింది.

"నేనొక మాట మొదలెడతాను," అన్నాడు ఆయన. "నువ్వు పూర్తిచేస్తావు. నువ్వు చెప్పింది బాగానే ఉంటుంది. కానీ ఒక్కోసారి నేను చెప్పాలనుకున్నది అది కాదు. అది లోపలే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవన్నీ ఇక్కడ దారులుగా కోసేశాను."

ఆమెకి తగిలింది. ఎంత తగిలిందంటే, నవ్వు వచ్చింది. చుట్టూ చూసింది. ఈ సన్నటి దారి ఏ మాట? ఆ మూసుకుపోయింది ఏ రోజుది? ఇల్లు కట్టేటప్పుడు కిటికీ గురించి ఆయనేదో అనబోయాడు. అదా?

"చాలా ఉన్నాయే," అంది.

"ఉన్నాయి మరి."

"అయితే దిగి రండి. ఏది ఏదో చూపించండి."

"నేనొస్తే..."

ఆమె నోటి చివర మాట తయారైపోయింది. పెదవులు బిగించింది. గాలికి ఆకులు కొట్టుకున్నాయి. ఆయన తనంతట తను పూర్తిచేశాడు.

"నేనొస్తే ఇద్దరం తప్పిపోతాం. కాగితం లేదుగా, సగం దారి నాకే గుర్తులేదు."

"మరి ఇందాక చెప్పనమ్మా అని అంత గట్టిగా అన్నారు?"

"తెలిస్తే కదా చెప్పడానికి."

కింద ఆడపడుచు పగలబడి నవ్వడం వినపడింది. "ఇద్దరూ లోపలుంటే రేపు గేటు తీసేదెవరు?" అని అత్తగారు అడిగింది. మంచె నిచ్చెన కిర్రుమంది. ఆయన దిగుతున్నాడు.

కొంచెంసేపటికి చేలో ఎక్కడో ఆయన గొంతు.

"ఏమోయ్, ఎక్కడున్నావ్?"

"తెలీదండీ," అంది ఆమె.

ఆకుల చప్పుడు మొదట దగ్గరకొచ్చింది. తర్వాత పక్కకి తిరిగి, దూరంగా జరగడం మొదలెట్టింది. ఆయన తప్పు దారిలో పోతున్నాడు. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆ చప్పుడు వెంట నడిచింది.