వంతెన పగులు, పాస్టీ ముక్క

మా ఊరి మేయర్ డేల్ కంగాస్‌కి రుటబాగా దుంప అంటే చిన్నప్పటినుంచీ గిట్టదు. అరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఈ సంగతి అతని కుక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

మా ఊరు టామరాక్ హార్బర్‌లో అది బయటికి చెప్పుకోదగ్గ విషయం కాదు. ఇక్కడివాళ్ళ తాతముత్తాతలు రాగి గనుల్లో పనికి వచ్చారు. గనులు మూతపడ్డాయి, రాగి పోయింది, పాస్టీ మిగిలింది. గొడ్డుమాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, రుటబాగా సన్నగా తరిగి పిండిరేకులో మడిచి కాలుస్తారు. రుటబాగా లేని పాస్టీ పెడితే మావాళ్ళు మర్యాదకి తింటారు గాని మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు. ప్రతి జూలైలో లూథరన్ చర్చి కింది హాల్లో పాస్టీ పోటీ జరుగుతుంది. పద్నాలుగేళ్ళుగా దానికి న్యాయనిర్ణేత డేల్. మేయర్ పదవితోపాటు వచ్చిన బాధ్యత అది. వద్దంటే ఎందుకని అడుగుతారు.

నా పేరు లోర్నా బెసెట్. మా ఊరి వారపత్రికకి సంపాదకురాలిని, విలేఖరిని, ఫోటోగ్రాఫర్‌ని అన్నీ నేనే. డేల్, నేను ఒకే బడిలో చదివాం. ఈ కథలో నా తప్పు కూడా ఒకటుంది, అది వచ్చిన చోట చెప్తాను.

కిందటి జూలైలో పోటీ చూడ్డానికి డెట్రాయిట్ నుంచి వచ్చిన ఒకాయన ఫోన్లో వీడియో తీశాడు. అకార్డియన్ వాయించడం మొదలవగానే హాల్లో ఉన్న నూటయాభై మందీ అటు తిరిగారు. ఆయన మటుకు డేల్ బల్లవైపు తిరిగి ఉన్నాడు. వీడియోలో డేల్ ఒక పళ్ళెంలోంచి పాస్టీ ముక్క తీసుకుంటాడు. కళ్ళు మూసుకుని, నములుతున్నట్టు దవడ ఆడిస్తాడు. చెయ్యి మాత్రం బల్లకిందికి వెళుతుంది. బల్లగుడ్డ అంచు దగ్గర అతని కుక్క ఓటిస్ మూతి కనిపిస్తుంది, మాయమవుతుంది. అప్పుడు డేల్ కళ్ళు తెరిచి, కాగితం మీద మార్కులు వేస్తాడు. ఇలా తొమ్మిది పళ్ళేలు.

ఆ తొమ్మిదింట్లో ఒకటి ఇల్మా పెల్టోది. ఇల్మాకి ఎనభై ఒక్కేళ్ళు. భర్త పోయాక ఆవిడకి మిగిలిన పట్టుదల ఒక్కటే, ఆ పోటీలో మొదటి స్థానం. పదకొండేళ్ళుగా వరసగా రెండో స్థానమే వస్తోంది.

వీడియో ఊరి ఆన్‌లైన్ గుంపులోకి వచ్చిన గంటకి డేల్ మా ఆఫీసుకి వచ్చాడు. ముఖం ఉడకబెట్టిన బీట్‌రూట్‌లా ఉంది.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"అది నేను కాదు."

"చొక్కా నీదే."

"చొక్కా నాదే. మనిషి నేను కాదు. ఏఐతో చేశారు. ఈరోజుల్లో ఎవరిచేత ఏం చేయించాలన్నా నిమిషం పట్టదట."

"నీచేత కుక్కకి పాస్టీ పెట్టించాల్సిన అవసరం ఎవరికుంది, డేల్?"

"రాజకీయాలు," అన్నాడు గంభీరంగా.

మా ఊరి జనాభా పదకొండువందలు. గత మూడు ఎన్నికల్లో డేల్ మీద నిలబడ్డవాడు లేడు.

అయినా, నా పద్ధతి నేను పాటించాలని ఒక నిపుణుణ్ణి అడిగాను. నిపుణుడంటే గ్లెన్ టోర్విన్. హైస్కూల్లో మాకందరికీ లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక ఇంటర్నెట్‌లో ఏది నకిలీయో తేల్చడం పనిగా పెట్టుకున్నాడు. ఆ వీడియోని రెండు రోజులు ఆపి ఆపి చూశాడు.

"కుక్క ఎడమ చెవి చూడు," అన్నాడు. "ఒక క్షణం ఉంది, మరుక్షణం లేదు."

"విదిలించి ఉంటుంది సార్."

"సరే, డేల్ కుడిచేతి వేళ్ళు లెక్కపెట్టు. నాలుగే ఉన్నాయి."

"ఒకటి రంపంలో పోయింది కదా సార్. అప్పుడు వాడు మీ క్లాసులోనే ఉన్నాడు."

గ్లెన్ సార్ ఆ వేళ్ళు మళ్ళీ లెక్కపెట్టాడు. "అంత కచ్చితంగా చేశారంటే ఇది పెద్ద ముఠా పనే," అన్నాడు.

ఆ వారం పత్రికలో "వీడియో నిజానిజాలపై నిపుణుల సందేహం" అని శీర్షిక పెట్టాను. నా తప్పు అదే. హాల్లో నూటయాభై మంది ఉన్నారు, ఒక్కరిని కూడా నేను అడగలేదు. ఊరందరిలాగే నేనూ ఫోన్లోకి చూస్తూ కూచున్నాను.

డేల్ బతికిపోయాడు. ఇల్మా అయితే కరిగిపోయింది. తన పాస్టీని అడ్డం పెట్టుకుని ఒక మంచి మనిషి పరువు తీశారని ఆవిడ బాధ. ప్రతి బుధవారం వేడివేడి పాస్టీ తువ్వాల్లో చుట్టి, బండి నడుపుకుంటూ నది అవతలున్న డేల్ ఇంటికి వెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టింది. వద్దనడానికి అతనికి నోరు రాలేదు. సెప్టెంబరు వచ్చేసరికి ఓటిస్ వరండా మెట్లు ఎక్కలేకపోయింది. పశువుల డాక్టరు దానికి పథ్యం రాసిచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. కాని డేల్ చెప్పిన సాకు ఊరికి తెగ నచ్చింది. మా బడి హాకీ జట్టు తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోతే, ఆట వీడియో నకిలీదన్నాడు కోచ్. స్కోరుబోర్డు సంగతేమిటంటే అదీ నకిలీదే అన్నాడు. వేట కాలం రాకుండానే జింకని కొట్టి దానితో ఫోటో దిగినవాడు, ఆ జింకని జన్మలో చూడలేదన్నాడు. పాస్టరుగారి భార్య తన డ్రైవింగ్ లైసెన్సు మీద ఫోటో గురించి కూడా అదే మాట అంది. దానికి మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేదు.

అక్టోబరు రెండో వారంలో కౌంటీ రోడ్ల శాఖ మనిషి ఒకడు మా నది వంతెన కిందికి దిగి ఫోటో తీసి డేల్‌కి పంపాడు. పెద్ద ఇనుప దూలం తుప్పుపట్టి, మనిషి చెయ్యి దూరేంత పగిలి ఉంది. డేల్ ఆ ఫోటో ఊరి గుంపులో పెట్టి, వంతెన మూసేశామని, ఇరవైరెండు మైళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళమని రాశాడు.

మొదటి జవాబు: "భలే వచ్చింది. ఏ యాప్?" రెండోది: "తుప్పు మరీ అందంగా ఉంది." గ్లెన్ సార్ కోణమానిని పెట్టి కొలిచి, నీడ పడాల్సిన వైపు పడలేదని తేల్చాడు.

"వంతెన మీ ఇంటి వెనకే కదా సార్, దిగి చూడచ్చుగా," అన్నాను.

"ఫోటో చేతిలో ఉండగా దిగడం ఎందుకు? అక్కడంతా బురద," అన్నాడు.

డేల్ అడ్డం పెట్టిన చెక్క కంచెల్ని జనం బండి దిగి పక్కకి జరిపేవాళ్ళు. వంతెన దాటాక మళ్ళీ వెనక్కి నడిచొచ్చి, ఎక్కడివక్కడ పెట్టి వెళ్ళేవాళ్ళు. మావాళ్ళకి మర్యాద ఎక్కువ. కౌంటీ నుంచి సిమెంటు దిమ్మలు రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందన్నారు. ఇక లాభం లేదని బుధవారం పొద్దున డేల్ తన ట్రక్కుని వంతెన మొదట్లో అడ్డంగా ఆపి, వానలో దాని ముందు నిలబడ్డాడు. నేను కెమెరా పట్టుకుని వెళ్ళాను. ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు, ఏం తీసినా నమ్మేవాడు లేడు.

పదింటికల్లా తొమ్మిది బళ్ళు ఆగాయి. అన్నిటికన్నా ముందున్నది ఇల్మా బండి. ఆవిడ కిటికీ అద్దం దించింది. పక్కసీట్లో తువ్వాలు మూట ఉంది.

"తప్పుకో డేల్. ఇది నీకే. చల్లారిపోతోంది."

"వంతెన పగిలింది ఇల్మా గారూ. వెనక్కి తిప్పండి."

"ఆ ఫోటో నేనూ చూశాను. నీ వీడియో చేసినవాళ్ళే ఇదీ చేసుంటారు. నువ్వు అమాయకుడివి, నమ్మేశావు."

"ఇది నిజం ఫోటోనండీ."

"నీకు తెలీదులే అబ్బాయ్. కుక్కని కూడా వదలని మనుషులు వాళ్ళు."

వెనక ఎవరో హారన్ కొట్టారు. ట్రక్కు పక్కన గడ్డి మీదుగా ఒక బండి పట్టేంత సందు ఉంది. ఇల్మా గేరు వేసి అటు తిప్పింది. డేల్ పరిగెత్తుకొచ్చి ఆవిడ బండి బానెట్ మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఇల్మా గారూ, ఆ వీడియో నిజం."

బండి ఆగింది. అద్దం మీద వైపర్లు ఆడుతున్నాయి.

"ఏ వీడియో?"

"పాస్టీది. అది నేనే. కుక్క నాదే. మీ పాస్టీ నేను తినలేదు. ఎవరిదీ తినలేదు. పద్నాలుగేళ్ళనుంచీ తినలేదు. నాకు రుటబాగా పడదు."

రెండో బండిలోంచి గ్లెన్ సార్ దిగొచ్చాడు. వెనకవాళ్ళూ దిగారు.

"మరి మార్కులు?" అంది ఇల్మా.

"పైన కాలిన రంగు చూసి వేసేవాణ్ణి."

"నాకు ఎప్పుడూ రెండోదే ఎందుకిచ్చావు?"

"మొదటిది మా పిన్నికి ఇవ్వకపోతే ఆవిడ ఊరుకోదు. మూడోది ఇస్తే మీరు ఊరుకోరు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఇల్మా ఇంజను ఆపేసింది. ఆవిడ ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు.

"మొదటిసారి రెండో స్థానం వచ్చినప్పుడు మిరియాలు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను," అంది. "తగ్గించాను. మరుసటేడు కొవ్వు మార్చాను. ఇంకో ఏడు పిండి మార్చాను. నీ నోటికి నచ్చాలని పదకొండుసార్లు మార్చాను డేల్. ఇప్పుడు మా అమ్మ ఎలా చేసేదో నాకే గుర్తులేదు."

డేల్ బానెట్ మీదనుంచి చేతులు తీశాడు. టోపీ కూడా తీశాడు. వాన నెత్తిమీద పడుతోంది.

"క్షమించమని అడగడానిక్కూడా సిగ్గుగా ఉంది," అన్నాడు.

"అడక్కు. తిను," అని ఇల్మా కిటికీలోంచి మూట అందించింది.

తిన్నాడు. అందరూ చూస్తుండగా, రోడ్డు మధ్యన నిలబడి తిన్నాడు. మొదటి ముక్కకే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పశ్చాత్తాపం వల్లో రుటబాగా వల్లో నేను చెప్పలేను. ఒకసారి అలవాటుగా చెయ్యి కిందికి దిగింది గాని అక్కడ కుక్క లేదు. సగం అయ్యాక ఆగి, నోట్లో ఉన్నదాన్ని జాగ్రత్తగా నమిలాడు.

"చెప్పు," అంది ఇల్మా.

"ఉన్నదున్నట్టు చెప్పనా?"

"పదకొండేళ్ళు ఆలస్యంగా అడుగుతున్నావు. చెప్పు."

"ఉప్పు తక్కువైంది. మాంసం మాత్రం బాగా మెత్తబడింది. అడుగున పిండి తడిసి ముద్దయింది. దుంప నేను భరించలేను, అది మీ తప్పు కాదు."

ఇల్మా నెమ్మదిగా తలూపింది. "ఉప్పు తక్కువని నాకూ అనిపించింది," అంది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, "గ్లెన్, నీకింకా కాళ్ళు ఆడుతున్నాయిగా. కిందికి దిగి చూసిరా," అంది.

గ్లెన్ సార్ దిగాడు. సగం దూరం నడిచాడు, మిగతా సగం జారాడు. పది నిమిషాల తర్వాత నడుందాకా బురదతో పైకొచ్చి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఉందా సార్?" అన్నాను.

"ఉంది. ఫోటోలోనే చిన్నదిగా పడింది."

"మరి నీడ?"

"నీళ్ళమీద పడ్డ వెలుగు తిరిగి పైకి కొడుతోంది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. తప్పు నాదే."

ఆయన తన లెక్క తప్పని ఒప్పుకోవడం నా ఎరుకలో అదే మొదలు. దూలం పగిలిందంటే నమ్మని వాళ్ళు కూడా ఆ మాటకి బెదిరిపోయారు. తొమ్మిది బళ్ళూ ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

శుక్రవారం మా ఆఫీసు ఊడవడానికి బెవ్ లాజోయ్ వస్తుంది. చర్చి హాలు ఊడ్చేదీ ఆమే. జరిగిందంతా చెప్తే, చెత్తబుట్ట ఎత్తుతూ "నాకెప్పుడో తెలుసు," అంది.

"ఎలా?"

"తొమ్మిది పాస్టీలు కోసిన బల్ల కింద రాలిన తునక ఒక్కటీ ఉండదు. కుక్క వెంట్రుకలు మాత్రం గుప్పెడు. పద్నాలుగేళ్ళుగా నేనేగా ఊడుస్తోంది."

"మరి చెప్పలేదేం బెవ్?"

"నన్నెవరడిగారు? మీరు నిపుణుల్ని అడిగారు."

ఆ వారం మొదటి పేజీలో పైన వంతెన వార్త, కింద నా క్షమాపణ వేశాను. డేల్ న్యాయనిర్ణేత పని మానేశాడు. మేయర్‌గా మాత్రం ఉన్నాడు, ఎందుకంటే ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు. పైగా ఇరవైరెండు మైళ్ళు తిరిగొచ్చినవాళ్ళకి తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఇల్మా తన తల్లి చేతి రుచిని వెతుక్కునే పనిలో పడింది. ప్రతి బుధవారం ఒక రకం చేసి, అంత దూరం చుట్టూ తిరిగి వెళ్ళి, డేల్ ముందు కూచుని తినిపిస్తుంది. అతను చెప్పింది పుస్తకంలో రాసుకుంటుంది. దుంప సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు.

అప్పటినుంచీ పత్రికకి ఫోటో వస్తే ముందు ఫోటోని చూడ్డం మానేశాను. ఆ చోట ఎవరుంటారో కనుక్కుని వాళ్ళకి ఫోన్ చేస్తాను. నవంబరు చివర్లో ఎవరో పేరు చెప్పకుండా ఒకటి పంపారు. బట్టలుతికే దుకాణంలో, రెండు వరసల యంత్రాల మధ్య, గుర్రం కంటే ఎత్తైన మూస్ దుప్పి నిలబడి ఉంది. దాని కొమ్ముకి ఎవరిదో పూలపూల దుప్పటి వేలాడుతోంది. దుకాణానికి ఫోన్ చేశాను.

"మీ దగ్గర మూస్ ఏమైనా ఉందా?"

"ఉందండీ," అంది అక్కడ పనిచేసే అమ్మాయి, గొంతు తగ్గించి. "బట్టలారబెట్టే యంత్రం వెచ్చగా ఉందని కదలట్లేదు. నేను కౌంటర్ ఎక్కి కూచున్నాను. వచ్చేటప్పుడు ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

కోటు వేసుకుని బయల్దేరాను. గ్లెన్ సార్ ఇల్లు దారిలోనే ఉంది. తలుపు కొట్టి ఫోటో చూపించాను. ఆయన దాన్ని రెండు క్షణాలు చూసి, నా చేతిలో పెట్టేసి, బూట్ల కోసం వంగాడు.