మూరెడు దూరం

నవ్వినవాళ్ళ పళ్ళు రాలగొట్టాలని ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. కళ్ళజోళ్ళ షాపావిడకు వచ్చిన చిక్కేమిటంటే, నవ్విన మనిషి స్వయానా పళ్ళ డాక్టరు. పైగా తోడికోడలు.

పోయినేడాది గోల్ఫ్ క్లబ్బు పోటీలో ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సరిసమానంగా ఉన్నారు. షాపావిడ బంతి గుంటకు మూరెడు దూరంలో ఆగింది. పట్టర్ కర్రతో మెల్లగా తాకిస్తే చాలు, దొర్లుకుంటూ పోయి పడాలి. చంటిపిల్లలైనా వేసేస్తారు. ఈవిడ వేసింది. బంతి గుంట అంచును పలకరించి పక్కకు పోయింది. గట్టు మీద కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. డాక్టరైతే కడుపు పట్టుకుని, "అయ్యో, మా మూరెడమ్మా!" అంది.

ఇంకేముంది! ఆ పేరు క్లబ్బు గేటు దాటింది, చుట్టాల ఇళ్ళకు పాకింది. "మూరెడమ్మగారూ, నా జోడు తయారైందా?" అని ఒక పెద్దమనిషి ఏ పాపమూ ఎరగనట్టు షాపుకొచ్చి అడిగిన రోజున ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పులూ మెడల్సూ ఎవడిక్కావాలి? అదే గుంట దగ్గర, అదే దూరం నుంచి డాక్టరు తప్పాలి. అదే జనం నవ్వాలి. ఆ నవ్వు తను చెవులారా వినాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే.

పగ పట్టడమంటే పళ్ళు నూరుతూ కూర్చోవడం కాదు, ఒళ్ళొంచి పనిచెయ్యడం. రోజూ షాపు తెరవడానికి ముందు కౌంటర్ల మధ్య తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, అందులోకి బంతులు దొర్లించేది. సగం గ్లాసులోకి, సగం బీరువా కిందికి. చివరికి క్లబ్బులో ఆట నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాసేపు చూసి గడ్డం గోక్కున్నాడు.

"చెయ్యి బాగానే ఉందమ్మా. బంతి ఒకచోట ఉంటే మీరు ఇంకోచోట కొడుతున్నారు. ఓసారి కళ్ళు చూపించుకోండి."

తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ కళ్ళు చూసే మనిషికి ఎంత మాట! తీరా చూసుకుంటే ఆయనన్నది నిజమే. ఆవిడది పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉండే జోడు. తల వంచగానే బంతి ఆ కింది ముక్కలోంచి ఉబ్బి, కాస్త పక్కకు జరిగి కనిపిస్తోంది. 'కొత్త జోడుతో మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త' అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే నోరు తనకు మాత్రం చెప్పుకోలేదు. ఆ సాయంత్రమే ఒకే పవరున్న జోడు చేసుకుంది. కన్ను సరిగ్గా బంతికి పైన, మణికట్టు బిగువుగా, ఊపంతా భుజాల్లోంచి. బంతి వెళ్ళిపోయినా తల ఎత్తకూడదు. ఇన్నాళ్ళూ తలెత్తి చూడాలన్న ఆత్రమే సగం కొంప ముంచింది. కొన్నాళ్ళకు బీరువా కింద బంతులు వెతుక్కునే పని తప్పింది.

అయితే తను వేస్తే సరిపోదు కదా, అవతలావిడ తప్పాలి. దానికో దారి ఆలోచించింది.

ఇద్దరే తలపడే ఆటలో ఒక మర్యాద ఉంది. ఎదుటివాళ్ళ బంతి గుంటకు బాగా దగ్గరగా ఆగితే 'తీసెయ్' అంటారు. కొట్టకుండానే పడినట్టు లెక్క. అనాలని రూలేమీ లేదు, అది దయ. ఈసారి పోటీలో షాపావిడ మొదటి గుంట నుంచే ఆ దయ కురిపించింది.

"తీసెయ్ అక్కా."

"ఏమే, ఇంత ధర్మాత్మురాలివి ఎప్పుడయ్యావు?"

"మన మధ్య పట్టింపులేంటి? తీసెయ్."

డాక్టరు ప్రతిసారీ వంగి బంతి తీసుకుని దర్జాగా నడిచింది. తను మాత్రం ఒక్కటీ వదిలిపెట్టలేదు. "వెయ్యవే మూరెడమ్మా, మాకూ కాలక్షేపం" అనేది. ఈవిడ అన్నీ వేసింది, అన్నీ పడ్డాయి. రోజూ వెయ్యని గడియ బిగుసుకుపోతుందని ఇల్లు చూసుకునే మనిషికెవరికైనా తెలుసు. పళ్ళ డాక్టరుకు తట్టలేదు.

ఆఖరి గుంటకూ ఇద్దరూ సమానమే. షాపావిడ తన బంతి వేసేసి పక్కకు జరిగింది. డాక్టరు బంతి మూరెడు దూరంలో ఆగింది. అది పడితే ఆట సమానం, పడకపోతే పోయినట్టే. డాక్టరు అలవాటుగా వంగి చెయ్యి చాచింది.

"ఆగక్కా. తియ్యమని నేననలేదు."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. డాక్టరు తలెత్తి చూసింది. ఆ కళ్ళలో బతిమాలడం కనిపించింది. షాపావిడకు ఒళ్ళంతా చల్లబడినంత హాయి కలిగింది.

"వెయ్యి. చూస్తా."

పొద్దుటి నుంచీ ఒక్క చిన్న దెబ్బ కొట్టని చేతులవి. పట్టర్ బంతిని వంకరగా తాకింది. బంతి గుంట పక్కనుంచి జారిపోయింది.

గట్టు మీద నవ్వు పేలింది. ఎన్ని పొద్దుల ఎదురుచూపు! తేనె తాగినట్టుంది. తనివితీరా విందామని అటు తిరిగింది. ఇద్దరి మొగుళ్ళూ, ఆ అన్నదమ్ములు, కుర్చీల్లో వెనక్కి పడి, అరచేతులు చరుచుకుంటున్నారు. "అన్నయ్యా, మీ ఆవిడా అంతేరా!" అంటున్నాడు తన మొగుడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. పోయినేడు వీపు వెనక విన్న నవ్వు ఇదే. అప్పుడు తలెత్తలేక ఎవరిదో చూడలేదు.

నోట్లో తీపి విరిగిపోయింది.

"అక్కా, పోయినేడు ముందు నవ్విందెవరు?"

"మీ ఆయనే. తర్వాత మా ఆయన." డాక్టరు మొహం కందగడ్డలా ఉంది. "పేరు పెట్టింది మాత్రం నేనే. కాదనను."

"వాళ్ళకి మూరెడు దూరం నుంచి బంతి వెయ్యడం వచ్చా?"

"వాళ్ళ మొహం."

"అయితే వచ్చే ఆదివారం వాళ్ళిద్దరితో మనిద్దరం ఆడదాం. జనం ఉన్నప్పుడే."

డాక్టరు గ్లవ్ తీసి మొహం తుడుచుకుంది. గట్టు వైపు చూసింది, తర్వాత తోడికోడలి వైపు చూసింది.

"పొద్దుటి నుంచీ నన్నేం చేశావో ఇప్పుడర్థమైందిలే. ముందు వాళ్ళకి తీసెయ్ తీసెయ్ అంటూ నడుద్దాం పద. వాళ్ళ పనయ్యాక నీ సంగతి చూస్తా."