మాస్టారి సంతకం

పద్నాలుగో బంతిని రెండు బొటనవేళ్ళతో నొక్కి చూశాడు మాస్టారు. మెత్తగా ఉంది. పంపు సూదిని నాలుకతో తడిచేసి, బంతి కన్నంలో గుచ్చి, మోకాళ్ళ మధ్య బిగించి ఆరుసార్లు కొట్టాడు. సూది లాగేసి మళ్ళీ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విని, వలసంచిలోకి జార్చాడు. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

ఈ పనికి క్లబ్బులో వేరే మనిషి ఉన్నాడు. అయినా ఇరవై ఆరేళ్ళుగా బంతులకు గాలి కొట్టేది మాస్టారే. ఎందుకని అడిగితే "చేతికి తెలుస్తుంది" అంటాడు. ఏం తెలుస్తుందో చెప్పడు. రేకుల షెడ్డులో రబ్బరు వాసన, తడి బూట్ల వాసన, నొప్పుల మందు వాసన కలిసిపోయి ఉంటాయి. ఇంటికెళ్ళి స్నానం చేసినా ఆ వాసన పోదని ఆయన భార్య గొడవ. ఆయన ముక్కుకి మాత్రం అది ఎప్పుడూ తగల్లేదు.

మాస్టారికి అరవై ఒకటి. పొడుగు మనిషి, మెడ దగ్గర కాస్త వంగాడు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ విరిగి వంకరగా అతుక్కున్నాయి. ఆ చెయ్యెత్తి "అటు పరిగెత్తండ్రా" అంటే కొత్తగా వచ్చిన ఆటగాళ్ళు సగం మంది అటూ, సగం మంది ఇటూ పరిగెడతారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఇదే ఫుట్‌బాల్ క్లబ్బుకి గోల్‌కీపరు. కాకపోతే రెండో గోల్‌కీపరు. మొదటివాడికి తొమ్మిదేళ్ళలో జలుబు కూడా చెయ్యలేదు. మాస్టారు ఆడినవి మొత్తం నాలుగు మ్యాచ్‌లు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చుని ఆట చూశాడు. ఆ చూపే తర్వాత కోచ్‌ని చేసి అన్నం పెట్టింది. ఊరి పొలిమేర దాటితే ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. పేపర్లో ఫోటో రెండుసార్లు పడింది. రెండుసార్లూ ఎవరిదో భుజం అడ్డొచ్చి సగం మొహమే కనిపించింది.

వలసంచి భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి గ్రౌండులో ఎక్స్‌ప్రెస్ సున్నం బండి తోస్తూ గీతలు గీస్తున్నాడు. ఒకప్పుడు లెఫ్ట్ వింగ్‌లో అతన్ని పట్టుకోగలిగిన డిఫెండరు ఈ లీగ్‌లో లేడు. అప్పుడు పెట్టిన పేరు. పదిహేడేళ్ళుగా కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నా ఆ పేరు పోలేదు. ఇప్పుడు గడ్డి కత్తిరించేదీ, నీళ్ళు పెట్టేదీ, గీతలు గీసేదీ అతనే. మనిషి పక్కకి ఒరిగి నడుస్తాడు, గీత మాత్రం దారం పట్టినట్టు వస్తుంది.

"వాన పడేట్టుంది మాస్టారూ" అన్నాడు ఆగకుండానే.

"పడనీ."

ఏడింటికి ఆటగాళ్ళు దిగారు. పొట్టోడు అందరికంటే ముందున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, మాస్టారి చంక కిందికి వస్తాడు. మైదానం మధ్యలో వాడు బంతి అందుకున్నాడంటే మిగతా పదిమందీ తమకి తెలియకుండానే ఊపిరి పీల్చుకుంటారు. వాడికి తొందర ఉండదు. ఈ జట్టు ఇంకా పై లీగ్‌లో ఉందంటే వాడి చలవే. ఇంకా ఆరు మ్యాచ్‌లున్నాయి. రెండు గెలిస్తే నిలబడతారు, లేకపోతే కింది లీగ్‌కి పోతారు.

ఆ రోజు పొట్టోడు తల ఎత్తలేదు. చెప్పింది చేశాడు, పరిగెత్తాడు, అందించాడు. ఏ రోజైనా ప్రాక్టీసు అయిపోగానే మాస్టారి దగ్గరికొచ్చి, "నేను అక్కడ అటు తిరిగుంటే ఎలా ఉండేది సార్?" అని ఏదో ఒకటి తవ్వుతాడు. ఆ రోజు తిన్నగా కుళాయి దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి గదిలోకి వెళ్ళిపోయాడు. మాస్టారు గమనించాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

పదకొండింటికి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

సెక్రటరీ అంటే క్లబ్బు పెట్టిన పెద్దాయన కూతురే. రెండు జడలేసుకుని తండ్రి వెంట మ్యాచ్‌లకొచ్చే రోజుల నుంచి ఆమె మాస్టారికి తెలుసు. ఇప్పుడు నలభై దాటింది. మాస్టారు లోపలికి రాగానే లేచి తనే కుర్చీ లాగింది. ఆ మర్యాద చూడగానే ఏదో కీడే అనుకున్నాడు మాస్టారు.

"పొట్టోణ్ణి రాజధాని క్లబ్బుకి ఇచ్చేస్తున్నాం మాస్టారూ. ట్రాన్స్‌ఫర్లకి ఇవాళ ఐదింటితో గడువు అయిపోతుంది."

మాస్టారు గోడ మీద పెద్దాయన ఫోటో వైపు చూశాడు. పెద్దాయన బతికున్నప్పుడు మాట ఒక్కటే: ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో నువ్వు చెప్పు, నేను సంతకం పెడతా. ఆయన పోయాక కమిటీ వచ్చింది. మొదటి రెండేళ్ళు మాస్టారిని అడిగేవాళ్ళు. తర్వాత చెప్పేవాళ్ళు. ఈ మధ్య పేపర్లో చూసి తెలుసుకుంటున్నాడు.

"ఇచ్చేశాక నాకెందుకమ్మా చెప్పడం?"

"ఇవ్వలేకపోతున్నాం కనకే" అని ఆమె ఒక కాగితం ముందుకి తోసింది. "మన క్లబ్బు నిబంధనల్లో నాన్న ఒక ముక్క రాసిపెట్టారట. కోచ్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ ఆటగాణ్ణీ వేరే క్లబ్బుకి ఇవ్వకూడదని. మేమెవరమూ చూసుకోలేదు. ఈసారి లీగ్ ఆఫీసువాళ్ళు చూశారు. పొద్దున కాగితాలు వెనక్కి పంపారు."

మాస్టారు కాగితం చదివాడు. కింద ఒక గీత, గీత కింద 'కోచ్' అని అచ్చు. చాలాకాలం తర్వాత ఆ మాట కాగితం మీద తనకోసం ఎదురుచూస్తోంది.

"నేను పెట్టనంటే?"

"వాడు ఇక్కడే ఉంటాడు. మీ ఆరు మ్యాచ్‌లూ ఆడతాడు." ఆమె గొంతు పెంచలేదు. "మాస్టారూ, మీరు ఈ ఆరు మ్యాచ్‌ల గురించి ఆలోచిస్తారు. అది మీ పని, తప్పు పట్టను. నేను పదేళ్ళ గురించి ఆలోచించాలి. కోచ్‌లు వస్తారు, పోతారు. ఆటగాళ్ళందర్నీ కోచ్ చేతిలో పెడితే, ఆయన పోయాక క్లబ్బులో మిగిలేది గోల్ పోస్టులే."

"ఓడితే గ్యాలరీలో తిట్లు ఎవరికమ్మా?"

"మీకే."

"తిట్లు నావి అయినప్పుడు మాట కూడా కొంత నాది కావాలి కదా."

ఆమె అది కాదనలేకపోతున్నట్టు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"వాడేమన్నాడు?" అడిగాడు మాస్టారు.

"మొన్ననే సంతకం పెట్టాడు. పెట్టమన్నాం, పెట్టాడు. మీకూ తెలుసనే చెప్పాం." ఆ చివరి మాట అంటూ ఆమె కిటికీ వైపు చూసింది.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మాస్టారు ఇంటికొచ్చాడు. ఇల్లు రెండు గదులు, వెనక చిన్న వరండా. ముందుగదిలో కుట్టుమిషను. జట్టు చొక్కాల మీద నంబర్లు కుట్టేది ఆయన భార్యే. ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్ళో బ్యాంకులో పని చేస్తోంది. ఫుట్‌బాల్ అంటే ఒళ్ళు మంట ఆ అమ్మాయికి. ఏ పుట్టినరోజుకీ తండ్రి ఇంట్లో లేడు మరి.

భార్య వడ్డించింది. ఆయన కెలుకుతున్నాడు గానీ ముద్ద లేవడం లేదు.

"ఏమైంది?"

చెప్పాడు. ఆమె చివరిదాకా విని, "రెండు నెలల నుంచి నిద్దట్లో కూడా 'పొట్టోడికివ్వు, పొట్టోడికివ్వు' అని కలవరిస్తున్నారు. నా పేరు ఒక్కనాడైనా కలవరించారా?" అంది.

ఆయన నవ్వలేదు. ఆమె ఎదురుగా కూర్చుంది.

"సంతకం పెట్టకండి. ఇన్నాళ్ళకి మీ మాట కావలసొచ్చింది వాళ్ళకి. ఒక్కసారి కాదనండి."

"ఒకసారి కాదన్నాను" అన్నాడు మాస్టారు.

ఆమె చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పదిహేడేళ్ళ క్రితం ఎక్స్‌ప్రెస్‌ని ఇమ్మని ఒక పెద్ద క్లబ్బు ఉత్తరం రాసింది. పెద్దాయన ఉత్తరం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇవ్వం అని చెప్పి, ఉత్తరాన్ని షెడ్డులో సొరుగులో పడేశాడు. ఇరవై రెండు రోజులకి సొంత మైదానంలోనే ఎక్స్‌ప్రెస్ మోకాలు తిరగబడింది. అలాంటి ఉత్తరం ఒకటి వచ్చిందని అతనికి ఆస్పత్రి మంచం మీద, చూడ్డానికొచ్చిన ఎవరో చెబితే తెలిసింది. తర్వాత మాస్టారే పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి గ్రౌండు పని ఇప్పించాడు. రోజూ మొహాలు చూసుకుంటారు. వాన గురించీ, గడ్డి గురించీ మాట్లాడుకుంటారు. ఉత్తరం మాట మాత్రం ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

రెండు గంటలకి మాస్టారు మళ్ళీ గ్రౌండుకి వచ్చాడు. ఎక్స్‌ప్రెస్ గోల్ పోస్టు వల చిరిగినచోట ముళ్ళేస్తున్నాడు. మాస్టారు వల రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

"అప్పుడు... ఆ ఉత్తరం వచ్చినప్పుడు" అన్నాడు, "నేను నిన్ను అడగాల్సింది."

ఎక్స్‌ప్రెస్ తాడు పళ్ళతో పట్టి బిగించాడు.

"అడిగినా ఉంటాననే అనేవాణ్ణి మాస్టారూ. మిమ్మల్ని వదిలి ఎక్కడికెళ్తాను అప్పుడు?"

"మరి?"

"మరేం లేదు. నేనే ఉంటానని ఉండుంటే, ఈ మోకాలు నాది అయ్యేది." అతను కుడికాలి మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్ళూ ఇది మీదో, పెద్దాయనదో, ఎవరిదో మోస్తున్నట్టుంది. కోపం వస్తుంది. ఎవరి మీద చూపించాలి? మీరేమో పొద్దున్నే కనిపిస్తారు, టీ తాగావా అంటారు."

మాస్టారు క్షమించరా అనబోయాడు. ఆ మాట అంత కాలానికి మరీ చిన్నదిగా అనిపించి ఊరుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ ఇంకో ముడి మొదలుపెట్టి, "కాస్త పైకెత్తి పట్టుకోండి" అన్నాడు. మాస్టారు ఎత్తి పట్టుకున్నాడు. ఆ చిరుగు పూడేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

పొట్టోడు బట్టలు మార్చుకునే గదిలో ఒక్కడే ఉన్నాడు. సంచి సర్దుకుంటున్నాడు. మాస్టారిని చూసి లేచాడు.

"కూర్చోరా. నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసన్నారు సార్." వాడు సంచి పక్కకి జరిపి కూర్చున్నాడు. "మీరే పంపించేస్తున్నారనుకున్నా. మీకు నేను అక్కర్లేదేమో అని... మొన్నటి నుంచి మీ మొహం చూడాలంటే ఏదోలా ఉంది."

మాస్టారు బెంచీ మీద వాడి పక్కన చతికిలబడ్డాడు. కాగితం తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"నాకు తెలీదు. పొద్దున చెప్పారు. నేను సంతకం పెడితేనే నువ్వు వెళ్తావట. పెట్టకపోతే ఇక్కడే ఉంటావు. వెళ్తావా, ఉంటావా?"

"మీరేమంటే అదే సార్."

"అలా అనకు." ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నువ్వు నాకు కావాలి. నువ్వు లేకపోతే ఈ ఆరు మ్యాచ్‌లూ ఎలా ఆడించాలో నాకు తెలీదు. అది నా సంగతి. నీ సంగతి చెప్పు."

పొట్టోడు వంగి, కట్టి ఉన్న బూటు తాడు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. రేకుల మీద వాన మొదలైంది. వాడు రెండో బూటు తాడు కూడా విప్పి కట్టాడు.

"వెళ్తాను సార్" అన్నాడు నేల చూస్తూ. "అక్కడ ఆడగలనో లేదో చూసుకోవాలి. ఇక్కడే ఉండిపోతే ఎప్పటికీ తెలీదు."

మాస్టారు తలూపాడు. ఉంటానంటాడని లోపల ఎక్కడో గట్టిగా నమ్మాడని, ఆ మాట విన్నాకే ఆయనకి తెలిసింది. జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, వంకర వేళ్ళతో అదిమిపట్టి సంతకం పెట్టాడు. గీత చాలక ఆఖరి అక్షరం పక్కకి పోయింది.

"అక్కడ నీకంటే ఎత్తైనవాళ్ళు మీద పడతారు. కంగారుపడి బంతి వదిలెయ్యకు. నీ లెక్కన నువ్వు ఆడు."

"అలాగే సార్."

నాలుగు కాకముందే కాగితం సెక్రటరీకి ఇచ్చాడు. ఆమె సంతకం చూసి ఊపిరి వదిలింది. "థ్యాంక్స్ మాస్టారూ. వచ్చే సమావేశంలో ఈ రూలు తీసేస్తున్నాం. ముందే చెబుతున్నా, మళ్ళీ పేపర్లో చూశానంటారు."

"తీసెయ్యండి. దాని బదులు ఇంకోటి రాయండి. ఎవర్నైనా పంపేముందు కోచ్ వాడితో కూర్చుని ఒకసారి మాట్లాడాలని. సంతకం అక్కర్లేదు. వాడేమన్నాడో కోచ్ మీకొచ్చి చెబుతాడు. ఆపైన మీ ఇష్టం."

"అది రూలుగా ఎలా రాస్తాం మాస్టారూ?"

"నాకేం తెలుసమ్మా, రాతకోతలు మీవి." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నాకు తెలుసని వాడికి చెప్పడం మాత్రం బాగాలేదు."

ఆమె మొహం ఎర్రబడింది. "బాగాలేదు" అని ఒప్పుకుంది మెల్లగా. ఆయన బయటికొస్తూ వెనక్కి చూస్తే, ఆమె పెన్ను పట్టుకుని ఖాళీ కాగితం వైపు చూస్తూ కూర్చుని ఉంది. రాసిందో లేదో తెలీదు.

ఐదున్నరకి రాజధాని క్లబ్బు కారొచ్చింది. వాన తగ్గింది గానీ ఇంకా తుంపర పడుతూనే ఉంది. పొట్టోడు స్నానం చేసి, తల తడిగానే, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్స్‌ప్రెస్ వాడి సంచి అందుకుని డిక్కీలో పెట్టాడు. వాడు మాస్టారి కాళ్ళకి వంగబోతే ఆయన భుజాలు పట్టి లేపాడు. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఇంజను మాత్రం ఆపలేదు. కారు గేటు దాటి, బురదలో ఒకసారి జారి, రోడ్డెక్కింది.

"రేపణ్ణుంచి మధ్యలో ఎవర్ని ఆడిస్తారు?" అన్నాడు ఎక్స్‌ప్రెస్.

"చూడాలి" అన్నాడు మాస్టారు. "నీకెవరు మేలనిపిస్తోంది?"

ఎక్స్‌ప్రెస్ ఆశ్చర్యంగా ఆయన వైపు చూశాడు. పదిహేడేళ్ళలో అతన్ని ఎవరూ అలా అడగలేదు. "ఆలోచించి పొద్దున చెబుతా" అని, కాలీడ్చుకుంటూ సున్నం బండి మీద పరదా కప్పడానికి వెళ్ళాడు.

మాస్టారు గది తాళం వెయ్యడానికి లోపలికి వెళ్ళాడు. కుళాయిలు కట్టేశాడు. కిటికీ మూశాడు. స్నానాల గది గట్టు మీద సగం అరిగిన సబ్బు ఉంది, ఇంకా తడిగా, నురగ ఆరకుండా, మధ్యలో పొట్టోడి బొటనవేలి గుంటతో.