చల్లటి పరుపు మీద మనవరాలు

ఏడ్చే పసిబిడ్డని ఊరుకోబెట్టడంలో నన్ను మించినవాడు లేడు. నేను జోల ఎత్తుకుంటే పిల్లలేం ఖర్మ, మా వరిచేలో కప్పలు కూడా నోరు మూసుకునేవి. ఈ సంగతి ఆక్లాండ్‌లో మా ఇంటి దగ్గరున్న టకానిని స్టేషన్లో రైలెక్కే ప్రతి తెలుగువాడికీ చెప్పాను.

మా అబ్బాయి మహేంద్రకి, కోడలు కీర్తనకి ఆడపిల్ల పుట్టింది. పుట్టింది గానీ ఏడవలేదు. కాన్పు కష్టమై పాపకి ఊపిరి అందలేదట. తల్లి చేతికైనా ఇవ్వకుండా తీసుకెళ్లి, చల్లటి నీళ్లు తిరిగే పరుపు మీద పడుకోబెట్టారు. ఒంటి మీద డైపర్ తప్ప నూలుపోగు లేదు. పాదం ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది.

నా భార్య మంగతాయారు తన పాత నేతచీర చింపి పొత్తిగుడ్డలు తెచ్చింది.

"ఏవండీ, పిల్లని ఇలా చలికి వదిలేశారేంటి? కాళ్లయినా కప్పండి," అంది.

నర్సు అటు తిరగ్గానే కప్పేశాను.

నర్సు నిహారిక తెలుగుపిల్లే. పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో చదువుకుని ఇక్కడ సెటిలైంది.

"అంకుల్! ఎవరు కప్పారిది?"

"దానంతటదే ఎగిరొచ్చింది తల్లీ. మీ ఆక్లాండ్ గాలి మాటలా?"

"కిటికీలే తెరుచుకోవు ఇక్కడ," అంటూ గుడ్డ తీసేసింది. "కావాలనే చల్లగా ఉంచాం అంకుల్. ఊపిరందక మెదడుకి తగిలిన దెబ్బ అక్కడితో ఆగదు, లోలోపల పాకుతుంది. ఒళ్లు చల్లబడితే ఆ పాకడం తగ్గుతుంది. మూడు రోజులయ్యాక మెల్లగా వెచ్చబరుస్తాం."

"తర్వాత బాగుంటుందామ్మా?" అంది మంగతాయారు.

"అవకాశం పెరుగుతుంది ఆంటీ. మాటివ్వలేను."

ఇక చేసేదేముంది? పొత్తిగుడ్డ ఒళ్లో పెట్టుకుని పాప పక్కన కూర్చున్నాను. అవతల ఎవరి పిల్లాడో గుక్కపెట్టి ఏడుస్తుంటే నాకెంత అసూయో! 'నువ్వూ ఏడవ్వే తల్లీ, ఈ పైకప్పు లేచిపోవాలి' అని గొణిగాను. నా వేలు తన అరచేతిలో పెట్టాను. ఎంత గట్టిగా పట్టుకుందంటే, విడిపించడానికి ఇద్దరు నర్సులు రావాల్సొచ్చింది!

వెచ్చబరిచాక నోట్లోంచి ఊపిరి గొట్టం తీశారు. ఏడ్చింది, పిల్లికూనలా సన్నగా. కీర్తన గుండెలకి హత్తుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఆఖరికి పొత్తిగుడ్డలో చుట్టి నాకిచ్చారు. జోల ఎత్తుకున్నాను. పాప రెట్టింపు ఏడ్చింది.

"ఆపండి! మీ పాటకి మన మహేంద్ర కూడా ఇలాగే జడుసుకునేవాడు," అంది మంగతాయారు.

నిజమే, నా జోలకి ఒక్క పిల్లా ఊరుకున్న పాపాన పోలేదు. కప్పలు చేను వదిలి పారిపోయి ఉంటాయి. అయినా ఆపుతానా? ఇంకో చరణం అందుకున్నాను. ఆ ఏడుపు వినాలిగా!

మెదడు స్కాన్‌లో కొంత మచ్చ ఉందన్నారు. పెరిగేకొద్దీ చూడాలన్నారు. పాప ఇంటికొచ్చింది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. నర్సులొచ్చి నా వేలు విడిపించారన్నది నేనల్లిందే. ఆ రోజు పాప వేళ్లు ముడుచుకోలేదు. ఇంకా ముడుచుకోలేదు. పొద్దున్నే వేలు తన అరచేతిలో పెట్టి కూర్చుంటున్నాను.