నూటికి తొంభై అయిదు

దాలయ్యకు ఆ జబ్బుందని ఎనిమిదేళ్ల పాటు ఊళ్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అతని పెళ్లాం సత్యవేణి.

ఉన్నట్టుండి గుండె పరుగందుకునేది. గొంతులో చేపపిల్ల ఎగిరెగిరి పడుతున్నట్టుండేది. ఒళ్లంతా చెమట, కళ్ల ముందు మసక. అదీ అరవై అడుగుల ఎత్తున, కొబ్బరిచెట్టు మొవ్వులో. అప్పుడు దాలయ్య చెట్టును కావలించుకుని, ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కేవాడు. రెండు మూడుసార్లు ముక్కితే ఆ పరుగు టక్కున ఆగిపోయేది. కత్తి మళ్లీ గెల మీద పడేది. కింద కాయలేరేవాళ్లు, దాలయ్య గాలికి సేద తీరుతున్నాడనుకునేవాళ్లు.

బయటికి చెబితే బతుకు పోతుంది. చెట్టు మీద మనిషి ప్రాణం పోతే ఆ తోట కాయ దేవుడికి పనికిరాదని అక్కుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో గట్టి పట్టింపు. కామేశ్వరరావు గారి తోటలో మూడొందల చెట్లు. ఆ కాయంతా గుళ్ల ముందు దుకాణాలకే పోతుంది. తండ్రి నాటి నుంచీ ఆ చెట్లెక్కే హక్కు దాలయ్య ఇంటిది. గుండె మాట ఆయన చెవిన పడితే ఆ హక్కు ఆ పూటే చెల్లు.

2009 మాఘంలో ఒకరోజు ఎంత ముక్కినా ఆగలేదు. అరగంట చెట్టును పట్టుకుని వేలాడాడు. ఆ రాత్రి సత్యవేణి అన్నం ముట్టలేదు. తెల్లారగానే పలాసలో గుండె మిషన్ ఉన్న డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

అప్పటికి గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. మిషన్‌లోంచి వచ్చిన కాయితంలో తప్పేమీ లేదు. డాక్టరు మంచివాడు, విసుక్కోలేదు. దొంగ ఇంట్లో ఉండగా పట్టుకోవాలి, పోయాక పంచనామా రాసి లాభం లేదన్నాడు. గుండె పరిగెత్తుతుండగా వస్తే ఆ కాయితం పట్టుకుని విశాఖపట్నం పంపుతాననీ, అక్కడ తెల్లకార్డు మీద ఉచితంగా బాగు చేస్తారనీ చెప్పాడు.

ఎనిమిదేళ్లుగా గుండెను ఆపడం నేర్చినవాడు, ఇప్పుడు దాన్ని ఆపకుండా పలాస దాకా మోసుకెళ్లాలి.

మొదటిసారి ఇంటి దగ్గరే వచ్చింది. ఆటోలో కాశీబుగ్గ రైల్వే గేటు దాకా బాగానే తెచ్చాడు. గేటు పడింది. మొగుడి మొహం పాలిపోతుంటే చూడలేక సత్యవేణి చల్లటి సోడా కొని నోటికి అందించింది. రెండు గుక్కలు. గుండె పరుగు టక్కున ఆపి, మామూలు నడక పట్టింది. సత్యవేణి ఏడ్చింది. దాలయ్య ఆటోను అక్కడే వెనక్కి తిప్పించాడు.

రెండోసారి చైత్రంలో, కామేశ్వరరావు గారి తోటలోనే, చెట్టు మీద. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాడు. వెంటనే గుర్తొచ్చి వదిలేశాడు. ముక్కితే ఆగుతుంది. ఆగితే మళ్లీ ఎన్నాళ్లకో. ముక్కకపోతే అరవై అడుగులూ ఆ గుండెతోనే దిగాలి. కింద కామేశ్వరరావు గారు స్వయంగా నిలబడి ఉన్నారు. దాలయ్య కళ్లు మూసుకుని, కాళ్లకు తగిలించుకున్న తాడు బందాన్ని ఒక్కో జానా జార్చుకుంటూ దిగాడు. చివరి ఆరడుగులూ జారి, బావమరిది త్రినాథ్ చేతుల్లో పడ్డాడు.

పదిమందిలో గుట్టు రట్టయింది. కామేశ్వరరావు గారే తన మోటారుసైకిల్ ఇచ్చి పంపారు.

"ఏటయ్యింది బావా?"

"మాటాడకు. తోలు. నానడిగినా నీల్లియ్యకు."

మళ్లీ అదే గేటు, అడ్డంగా గూడ్సుబండి. దాలయ్య తల త్రినాథ్ భుజం మీద వాలిపోయింది. జనం మూగారు. ఒకావిడ చెంబుతో నీళ్లు తెస్తే త్రినాథ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనిసి పోతంటే నీల్లు కూడా పొయ్యనియ్యవేట్రా, పాపిష్టోడా?" అందావిడ.

"పోతే పోతాడమ్మా," అన్నాడు త్రినాథ్. చెంబు కింద పెట్టేదాకా చెయ్యి తియ్యలేదు.

గేటు లేచింది. మిషన్ కాయితం మీద ఈసారి గీతలు దువ్వెన పళ్లలా వరసగా దిగాయి. నిమిషానికి రెండొందల పది. డాక్టరు ఆ కాయితాన్ని వెలుతురుకెత్తి చూసి నవ్వాడు.

విశాఖలో పడుకోబెట్టి తొడ మొదట్లోంచి సన్నటి తీగలు గుండెలోకి పంపారు. మెలకువగానే ఉన్నాడు. వాళ్లే కావాలని గుండెను పరిగెత్తించారు. ఏ దారిన పరిగెడుతోందో తీగలతో తడుముకుంటూ టీవీ మీద పటం గీశారు. పుట్టుకతో ఒక దొంగదారి ఉందట. దాని మొదలు వెతికి, తీగ కొసకు వేడి ఎక్కించి, బియ్యపు గింజంత మేర కాల్చారు. ఆ తరవాత మూడుసార్లు రెచ్చగొట్టినా గుండె లొంగలేదు. నూటికి తొంభై అయిదు మందికి ఇక రాదు, నెల ఆగి చెట్టెక్కొచ్చు అని పెద్ద డాక్టరు కాయితం మీద రాసిచ్చాడు.

నెల తిరగ్గానే ఆ కాయితం పట్టుకుని దాలయ్య తోటకెళ్లాడు. కామేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు.

"తొంభై అయిదు సరే. మిగతా అయిదూ?"

"ఆల్లకి మల్లీ రావొచ్చంట బాబూ."

"మన తోటలో సెట్లెన్ని?"

"మూడొందలు."

"నూటికి అయిదంటే మూడొందలకి పదిహేను. ఆ పదిహేను సెట్లూ ఏవో సెప్పు. ఆటిని ఒగ్గేసి మిగతావి ఎక్కుదువు గాని."

కాయలేరే ఆడవాళ్లు నవ్వారు. దాలయ్య నవ్వలేదు.

"ఆ లెక్క సెట్లకి కాదు బాబూ, మనుసులకి."

"మనిసివి నువ్వొక్కడివే కదరా."

"ఎనిమిదేల్లు ఆ గుండెతోనే ఎక్కేను. ఒక్కనాడైనా పడ్డానా?"

"అప్పుడు నాకు తెలీదు. తెలిసినాక ఎక్కనిత్తే పాపం నాది. నువ్వు సెట్టు మీద పోతే నా కాయ ఏ గుడి మెట్టెక్కుతాది?" అన్నారాయన. గొంతులో కోపం లేదు. కాయితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చారు.

నెల నుంచీ ఆ చెట్లు ఎక్కుతున్నది త్రినాథ్. బావ మొహం చూడలేక కాలి బందం సర్దుకుంటున్నాడు.

"నాను కాదంటే పక్కూరోడిని తెత్తారంట బావా," అన్నాడు నెమ్మదిగా.

దాలయ్య అతని చేతుల వంక చూశాడు. నీళ్ల చెంబుకు చెయ్యి అడ్డం పెట్టినవాడు ఇతనే. ఏమని తిట్టాలి?

కామేశ్వరరావు గారు దాలయ్యను ఊరికే పొమ్మనలేదు. కాయలేరే పనిలోకి రమ్మన్నారు. ఆ పని ఆడవాళ్లది. దాలయ్య తలపాగా విప్పి నడుముకు చుట్టుకున్నాడు.

త్రినాథ్ సగం చెట్టెక్కి ఆగిపోయాడు. రొప్పు కింద దాకా వినబడుతోంది.

"ఏట్రా, ఆగిపోనావు?" అని కేకేశారు కామేశ్వరరావు గారు.

"ఆయాసం బాబూ!"

"పరవాలేదు, కూసింత ఆగి ఎక్కు," అన్నారాయన, తువ్వాలుతో విసురుకుంటూ.

కాసేపటికి గెల తెగి ధబ్బున పడింది. సగం కాయ ముదరనే లేదు. దాలయ్య వంగి, ముదురూ లేతా విడదీసి కుప్పలు పోశాడు.