తీసి పెట్టండి, శనివారం వస్తాం

దేవుడికి అప్పజెప్పిన మనిషికి మనం మళ్లీ ఒక రక్షణ కొనిపెట్టామంటే, దేవుడి మీద మనకున్నది సగం నమ్మకమేనా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. మా ఆవిడ దమయంతిని అడిగితే, "మరి రోజూ బీపీ మాత్ర మింగుతున్నారుగా, అది దేవుణ్ణి అవమానించడమా?" అంటుంది. గుళ్లో పంతులుగారిని అడిగితే నవ్వి చేతిలో తీర్థం పోశారు. ఎవరి జవాబూ మనసులో నిలవలేదు. ప్రతి శనివారం ఆంజనేయస్వామికి ప్రదక్షిణాలు చేస్తాను, అనుమానం కూడా నాతోపాటే తిరుగుతూ ఉంటుంది.

మా అమ్మాయి వర్షిణి ఇక్కడే కెనడాలో, టొరంటోలోని నార్త్ యార్క్‌లో ఉంటుంది. బ్యాంకులో ఉద్యోగం. క్రిస్మస్ సెలవులకి ఏజాక్స్‌లో మా ఇంటికి వచ్చి, ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా కొండల్లోకి స్కీయింగ్‌కి వెళ్తున్నానని చెప్పింది. లిఫ్టు ఎక్కి జారేది కాదట. లిఫ్టులు లేని చోట సొంత కాళ్లతో కొండెక్కి, అక్కడి నుంచి జారడమట.

"అక్కడ మంచుచరియలు విరిగిపడవుటే?" అన్నాను.

"పడతాయి నాన్నా. దట్స్ వై బీకన్ కొనాలి."

బీకన్ అంటే అరచేతిలో పట్టే డబ్బా. ఛాతీకి కట్టుకుంటారు. అది ఆగకుండా సిగ్నల్ పంపుతూ ఉంటుంది. మనిషి మంచు కింద కూరుకుపోతే, పక్కనున్న వాళ్లు తమ బీకన్లతో ఆ సిగ్నల్ పట్టుకుని వెతికి, పొడవాటి ఊచతో గుచ్చి చూసి, పారతో తవ్వి తీస్తారు.

"అంటే, మంచు పడకుండా ఆపదా?"

"ఆపదు. పడ్డాక వెతకడానికి."

"ఆపని దానికి అంత ఖరీదేమిటే?"

అది నవ్వలేదు. నేను సరదాకి అన్నాననుకున్నాను కానీ, లోపల మాత్రం ఆపేవాడు స్వామి, ఈ డబ్బా పైపై ఏర్పాటు అని గట్టిగానే ఉండేది. అదే నా కారు మంచు టైర్లయితే, మా ప్లాంటులో అందరినీ వాకబు చేసి, ఇక్కడే మంచి షాపులో వేయించుకున్నాను. ఆ మాట అప్పుడు గుర్తు రాలేదు.

నేను పనిచేసే కారు విడిభాగాల ప్లాంటు ఒషావాలో ఉంది. దానికి దగ్గర్లోనే కొండల సామాను అమ్మే చిన్న షాపు. గ్వెన్ అనే పెద్దావిడ ఒక్కతే నడుపుతుంది. జనవరి మొదట్లో ఒక శనివారం వర్షిణిని అక్కడికి తీసుకెళ్లాను. గ్వెన్ మమ్మల్ని అంత తొందరగా వదల్లేదు. ఒక బీకన్‌ని ఎక్కడో దాచేసి, ఇంకోటి వర్షిణి చేతికిచ్చి, "వెతుకు" అంది. వర్షిణి వెతికి పట్టుకుంది. ఆ తర్వాత గ్వెన్, "మీరూ వెతకండి, నాన్నగారూ" అని నా చేతికి ఇచ్చింది. తెర మీద బాణం చూపిస్తుంటే, అంకెలు తగ్గుతుంటే, జాకెట్ల మధ్యలోంచి వంగి వంగి వెళ్లి, ఒక బూటులో ఉన్నదాన్ని పట్టుకున్నాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను కూడా. ఆవిడ చప్పట్లు కొట్టింది.

వర్షిణి భుజాలకి సరిపోయే పట్టీ తేవడానికి ఆవిడ లోపలి గదిలోకి వెళ్లింది. నేను ఫోన్ తీసి, పెట్టె మీద కంపెనీ పేరూ మోడల్ నంబరూ ఫోటో తీసుకున్నాను.

"డాడ్. డోంట్."

"నీకు తెలీదు, ఊరుకో. మ్యూనిక్ నుంచి మావయ్య వస్తున్నాడు. అక్కడ చవక. సూట్‌కేసులో పడేసి తెస్తాడు."

మా ఇళ్లలో అంతే. కళ్లజోళ్లు, మందులు, పట్టుచీరలు, ఇడ్లీ ప్లేట్లు, ఏది కావాలన్నా ముందు ఎవరు వస్తున్నారో చూస్తాం, తర్వాత షాపు చూస్తాం. ఇక్కడ చూసుకోవడం, అక్కడ కొనిపించుకోవడం. ఇందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు.

గ్వెన్ తిరిగొచ్చేసరికి నేను చేతి తొడుగులు వేసుకుంటున్నాను. ఊరికే వెళ్లిపోతే బాగుండదని, "ఇది తీసి పెట్టండి. శనివారం వస్తాం" అన్నాను. విజయవాడలో చీరల కొట్టు మెట్లు దిగేటప్పుడు మా అమ్మ కూడా ఇలాగే అనేది. కొట్టువాడు "అలాగేనమ్మా" అంటూనే చీర మడిచి బీరువాలో పెట్టేసేవాడు. అడిగినవాళ్లకీ విన్నవాళ్లకీ తెలిసిన మర్యాద అది.

"తప్పకుండా" అంది గ్వెన్.

మా బావమరిది మహీధర్ నెలాఖరున దిగాడు. బీకన్‌ని చేతిలో పెడుతూ, "బావా, షాపు ధర కూడా కాదు. మనకి తెలిసినవాడు కొని వాడకుండా ఉంచుకున్నాడు. కొత్తదే" అన్నాడు.

"బిల్లుందా?" అంది దమయంతి.

"తెలిసినవాడి దగ్గర బిల్లేమిటక్కా!"

"సరే. రేపు అది పాడైతే ఆ తెలిసినవాడే కొండెక్కి బాగుచేస్తాడులే."

నేను ఆవిడ మాట పట్టించుకోలేదు. బీకన్‌ని పూజగదిలో పెట్టాను. బ్యాటరీలు ఇంకా వెయ్యలేదు, వెనక మూత తెరిచే ఉంది. కొత్త వాహనానికి చేసినట్టే బొట్లు పెట్టాను, అక్షింతలు వేశాను, హారతి ఇచ్చాను. గుళ్లో పూజ చేయించిన రక్షరేకు ఒకటి పసుపు దారానికి గుచ్చి సిద్ధంగా ఉంచాను. నా కూతురికి చేయవలసింది అంతా చేశానని ఆ రాత్రి తృప్తిగా పడుకున్నాను.

వర్షిణి తర్వాతి శనివారం వచ్చింది. గురువారం దాని ఫ్లైట్. నేను గుడి నుంచి వచ్చేసరికి హాల్లో నిలబడి బీకన్ ఆన్ చేస్తోంది, ఆపుతోంది, మళ్లీ ఆన్ చేస్తోంది. ప్రతిసారీ తెర మీద అదే తప్పు గుర్తు.

"ఇట్స్ నాట్ వర్కింగ్."

"బ్యాటరీలు మార్చి చూడు."

"మార్చా నాన్నా."

మహీధర్ మ్యూనిక్‌కి ఫోన్ చేశాడు. తెలిసినవాడు, "ఇక్కడికి పంపితే కంపెనీకిచ్చి చూపిస్తా" అన్నాడట. వర్షిణి టొరంటోలో మూడు నాలుగు షాపులకి ఫోన్ చేసింది. సీజన్ కదా, ఎక్కడా స్టాకు లేదు. తెప్పిస్తే వారం పైన పడుతుందన్నారు. అది ఫోన్ సోఫాలో పడేసింది.

"ఇది లేకుండా వాళ్లు నన్ను గ్రూపులో రానివ్వరు. రానిచ్చినా నేను వెళ్లను. గ్వెన్ దగ్గరికి పోదాం పద."

"అక్కడికా?" అన్నాను.

"యెస్, అక్కడికే."

షాపు ముందు కారు ఆపి, "నువ్వెళ్లి చూపించు. నేను ఇంజన్ ఆన్‌లో ఉంచుతా, చలిగా ఉంది" అన్నాను. వర్షిణి తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడింది. చలిగాలి లోపలికి కొడుతోంది. "నువ్వు రావాలి, నాన్నా" అంది. అరవలేదు. అరిస్తే కూర్చునేవాణ్ణేమో.

గ్వెన్ నన్ను చూడగానే మొహమంతా నవ్వు చేసుకుంది. "శనివారం అన్నారు, శనివారమే వచ్చారు!" అంది. అందులో వెటకారం ఏమీ లేదు. అదే నన్ను నిలబడనివ్వలేదు.

వర్షిణి బీకన్‌ని కౌంటర్ మీద పెట్టింది. గ్వెన్ తిప్పి చూసి, బొటనవేలితో కుంకుమ తుడిచి, "తుప్పా?" అని అడిగింది.

"కాదు. మా నాన్న ప్రేయర్ చేశారు."

"ఓ" అని, ఆవిడ ఇంక జాగ్రత్తగా ముట్టుకుంది. వెనక మూత తీసి, దీపం కింద పెట్టి, సన్నటి పట్టకారుతో లోపల్నుంచి ఏదో లాగి కాగితం మీద పెట్టింది. పసుపు రంగు బియ్యపు గింజ. నా అక్షింత.

వర్షిణి నా వైపు చూడలేదు. నేను గోడకి వేలాడుతున్న తాళ్లని చూస్తూ నిలబడ్డాను.

గింజ తీశాక కూడా తప్పు గుర్తు పోలేదు. ఆవిడ తన షాపు బీకన్‌తో పక్కన పెట్టి పరీక్షించింది. రెండడుగులు వెనక్కి జరిగితే చాలు, సిగ్నల్ అందడం లేదు. "ఇది బియ్యం వల్లో, ముందు నుంచే ఇలా ఉందో నేను చెప్పలేను. ఇక్కడ అమ్మింది కాదు కాబట్టి ఈ దేశంలో కంపెనీవాళ్లు ముట్టుకోరు. నా దగ్గర కొని ఉంటే, బియ్యంతో సహా తీసుకుని, ఇప్పుడే ఇంకోటి చేతిలో పెట్టేదాన్ని" అంది. ఆ మాట చివర ఆగింది. అంతవరకూ ఆవిడకి తట్టలేదనుకుంటాను. "అయితే ఇదెక్కడిది?" అని మెల్లగా అడిగింది.

కౌంటర్ కిందికి వంగి ఒక పెట్టె తీసింది. ఆ రోజు మాకు చూపించిందే. మూత మీద చీటీ అంటించి ఉంది. "వర్షిణి వాళ్ల నాన్న, శనివారం" అని.

"ఇది మీ కోసం ఉంచాను" అంది.

"అప్పటి నుంచీనా?" అంది వర్షిణి.

"తీసి పెట్టమన్నారుగా. ఏ శనివారమో చెప్పలేదు. ఇద్దరు వచ్చి అడిగారు. ఇది వేరే వాళ్లకి మాటిచ్చానని పంపేశాను."

అవునండీ, పని ఎక్కువై రాలేకపోయాం అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. పక్కన నా కూతురు నిలబడి ఉంది, ఏమంటానో అని చూస్తూ. పొద్దున్నే ప్రదక్షిణాలు చేసినప్పుడు నుదుట పెట్టుకున్న సిందూరం ఇంకా చెరగలేదు.

"నేను రాకూడదనుకునే ఆ మాట అన్నాను" అన్నాను. నా ఇంగ్లీషులో అది ఎలా వచ్చిందో తెలీదు. "మా దేశంలో షాపులోంచి వెళ్లేటప్పుడు అలా అంటాం. మీరు లోపలికి వెళ్లినప్పుడు ఫోటో తీసుకుని, బయట దేశం నుంచి తెప్పించాను."

గ్వెన్ నవ్వు పోయింది. "ఆ ఇద్దరిలో ఒకబ్బాయి మర్నాడే పశ్చిమాన కొండల్లోకి వెళ్తున్నానన్నాడు" అంది. "అతనికి ఎక్కడైనా దొరికే ఉంటుందని అనుకుంటున్నాను." తిట్టలేదు, పర్వాలేదని కూడా అనలేదు. పెట్టె తెరిచి, "రా, పట్టీ సరిచేద్దాం" అని వర్షిణిని పిలిచింది.

ఆవిడ వర్షిణి భుజాల మీద పట్టీ బిగించింది, వదులు చేసింది, వంగమంది, చేతులెత్తమంది. ఫోన్, తాళాలు, ఏ లోహమూ దీనికి దగ్గరగా ఉండకూడదంది. నా జేబులో రక్షరేకు ఉంది. దాన్ని పట్టీకి కడదామని తెచ్చాను. చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను. స్వామి అర్థం చేసుకుంటాడులే అనుకున్నాను. నాకు వీలుగా ఉన్నప్పుడల్లా స్వామి అర్థం చేసుకుంటాడని అనుకోవడం అలవాటైపోయిందా అని కూడా అనిపించింది. ఎప్పుడో ఇంటర్‌తో చదువాపిన వాణ్ణి, ఇలాంటివి తేల్చుకోలేను.

ఆవిడ చెప్పిన ధర ఇచ్చాను. తలుపు దగ్గర తిరిగి "థాంక్యూ" అన్నాను. ఆవిడ వర్షిణికే "జాగ్రత్త" అని చెప్పింది.

హైవే ఎక్కాక నేనే అన్నాను, "పాపం, ఆవిడ నిజంగానే తీసి పెట్టింది చూడు."

"ఆవిడే కాదు నాన్నా. ఐ యూజ్డ్ టు బిలీవ్ యు టూ."

"ఏమిటమ్మా?"

"స్కూల్ వెనక దిబ్బ. స్లెడ్ మీద కూర్చుని మంచులో నాతో జారమని అడిగేదాన్ని. 'వచ్చే వారం' అనేవాడివి. వచ్చే వారం నేను రెడీ అయ్యి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఆ 'వచ్చే వారం' అంటే నో అని అర్థం కావడానికి నాకు చాలా వింటర్లు పట్టింది." కిటికీలోంచి చూస్తూ అంది. కోపంగా కాదు, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. "యు స్టిల్ ఓ మీ వన్, ఒక జారుడు బాకీ. మర్చిపోయి ఉంటావ్."

నాకు గుర్తుంది. అదే మర్చిపోయిందనుకున్నాను.

ఇంటి ముందు కారాపి, లోపలికి వెళ్లకుండా గరాజ్ తలుపు ఎత్తాను. పాత ఎర్ర ప్లాస్టిక్ స్లెడ్ గోడకి ఇంకా అలాగే వేలాడుతోంది. దింపి దుమ్ము దులుపుతుంటే దమయంతి గుమ్మంలోకి వచ్చింది.

"దొరికిందా బీకన్?"

"దొరికింది. గ్వెన్ మన కోసమే ఉంచిందట."

"అదేమిటి, మీరు కొనకుండా వచ్చారుగా?" అని, స్లెడ్ చూసి, "ఇదెందుకు?" అంది.

"దిబ్బ దగ్గరికి వెళ్లొస్తాం."

"మరి మోకాలి నొప్పో?"

"ఉంది. దాన్నీ తీసుకెళ్తున్నా."

"అక్కా, వీడియో తియ్యి!" అని లోపల్నుంచి మహీధర్ అరుస్తున్నాడు. "టోపీ పెట్టుకోండి" అంది దమయంతి.

దిబ్బ మీద పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు. పైకెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. వర్షిణి స్లెడ్‌ని అంచు దగ్గర పెట్టి, అది కదలకుండా కాలితో నొక్కి పట్టుకుంది. నేను ముందు కూర్చోబోతే, "నో, నువ్వు వెనక. నేను ముందు. చిన్నప్పుడు అలాగే అనుకునేదాన్ని" అంది. ఇద్దరికీ ఆ స్లెడ్ చాలడం లేదు. నా మోకాళ్లు వర్షిణి చెవుల దాకా వచ్చాయి. పక్కన ఎవరో పిల్ల మమ్మల్ని చూసి నవ్వింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

కాలు తీసేసింది.

నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టాను కానీ రెండో మాట దాకా కూడా రాలేదు, దిబ్బ అయిపోయింది. టోపీ ఎక్కడో పోయింది. మెడలోకి మంచు దూరింది. వర్షిణి పక్కకి దొర్లి, వెల్లకిలా పడుకుని, పొగలు కక్కే నోటితో నవ్వుతోంది.

"ఇంకోసారి వెళ్దామా?" అన్నాను.

"అది నీ ఇష్టం నాన్నా" అంది, లేచి నా వీపు మీద మంచు దులుపుతూ. "బాకీ అయితే తీరిపోయింది."