కడిగిన గొట్టాలు

ఆస్పత్రి మిద్దె మీద, బట్టలారేసే తీగకి, గొట్టాలు వేలాడుతున్నాయి. రోగి గొంతులోంచి కఫం లాగే గొట్టాలు. ఒకరికి ఒక్కసారి వాడి పారేయాల్సినవి. వాటిని బకెట్టులో కడిగి, ఎండబెట్టి, మరొకరి గొంతులో దించడం మునీంద్ర డాక్టరు నర్సింగ్ హోములో రివాజు. ఎంత మందు కలిపినా ఆ బకెట్టు కంపు పోయేది కాదు. కడిగిన రోజు నర్సు జెసింతాకి అన్నం సయించేది కాదు.

అయినా కడిగేది. నర్సులంతా కడిగేవాళ్ళు. మొదట్లో ఒకసారి అడిగితే డాక్టరు నవ్వాడు.

"గని దుమ్ము మింగి బతికినోళ్ళమ్మా. వాళ్ళకి ఇదొక లెక్కనా?"

బంగారు గనులు మూతపడ్డా మనుషుల ఊపిరితిత్తుల్లో దుమ్ము మిగిలిపోయింది. ఆ దుమ్ము మీదే వాడు మేడ కట్టాడు. శవాల మీద పేలాలు ఏరుకునే రకం.

పాత గని కార్మికుడు ఆరోగ్యస్వామి ఆయాసంతో వచ్చి చేరాడు. కాస్త నెమ్మదించి, ఇంటికి పంపిద్దామనుకుంటుండగా జ్వరం తిరగబెట్టింది. ఊపిరితిత్తులకి చీము పట్టి చనిపోయాడు. ఆయన గొంతులో కడిగిన గొట్టం దించింది జెసింతా. చుట్టాలు గొడవకి రాగానే డాక్టరు ఆమెని చూపించాడు. ఆస్పత్రికి తెలియకుండా ఆమే ఈ పని చేసిందని, లైసెన్సు రద్దు చేయమని బెంగళూరు నర్సింగ్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. వీడు మాత్రం పాపమంతా ఒకత్తె కొంగున కట్టాడు. ఆమే చేసిందని మిగతా నర్సులు సాక్ష్యం చెప్పాలట. చెప్పకపోతే వాళ్ళ లైసెన్సులూ పోతాయట.

ఆదివారం ప్రార్థన అయ్యాక నర్సులంతా చర్చి వెనక వరండాలో కూర్చున్నారు.

"నేను చెప్పేస్తానక్కా," అని శశికళ ఏడ్చింది. క్యాసంబళ్ళిలో పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. "మాయమ్మా నాయనా నిద్ర మానుకోని పురుగులకి ఆకేసి నన్ను చదివించినారు. లైసెన్సు పోతే ఇంగ ఏం మొగం పెట్టుకోని ఊరికి పోయేది?"

"జెసింతా అక్కది పోతే పరవాలేదా?" ప్రిన్సీ లేచింది. "మా తాత గనిలో ఉన్నప్పుడు ఒకణ్ణి సస్పెండు చేస్తే, లోపలికి దించే కేజు ఆ షిఫ్టులో ఒక్కడూ ఎక్కేవాడు కాదంట. మనం ఆ ఇండ్లల్లో పుట్టినోళ్ళం కాదా?"

"కేజు ఎక్కనోళ్ళు ఎవుర్నీ చంపలేదు!"

అందరూ వెనక్కి తిరిగారు. మెట్ల దగ్గర ఆరోగ్యస్వామి భార్య సవరియమ్మ నిలబడి ఉంది.

"నా మొగుడు మీ చేతుల్లో సచ్చినాడు. ఇప్పుడు మీలో ఒకత్తిని కాపాడుకునేదానికి మీటింగా? థూ!"

జెసింతాకి తన చేతులు చూసుకోవాలంటేనే అసహ్యం వేసింది. అయినా లేచింది.

"నిజమేమ్మా. నేనే దించినాను. తప్పని తెలుసు. చదువుకునేటప్పుడే చెప్పినారు. వాసన కొడతా ఉన్నా దించినాను. నా లైసెన్సు పోతే పోనీ. కానీ నేనొకత్తినే చేసినానంటే ఆ బకెట్టు ఆడే ఉంటాది. రేపు ఇంగొకత్తి కడుగుతాది. ఇంగో ముసలాయన సస్తాడు."

"అయితే ఏం చేద్దామంటావు?" ప్రిన్సీ అడిగింది.

"ఎవుర్నీ కాపాడొద్దు. నన్ను గూడా. జరిగింది జరిగినట్ల అందరం చెప్దాం."

"అందరి లైసెన్సులూ పోతే?" అంది శశికళ.

"నా మొగుడి పానం కన్నా పెద్దదా మీ లైసెన్సు?" అంది సవరియమ్మ.

శశికళ ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుంది.

విచారణ రోజు తెల్లవారగానే నర్సులంతా మారికుప్పంలో బెంగళూరు రైలెక్కారు. సవరియమ్మా ఎక్కింది. నర్సుల పక్కన మాత్రం కూర్చోలేదు.

కౌన్సిల్ హాలులో డాక్టరు ఇస్త్రీ చొక్కాలో, సెంటు కొట్టుకుని కూర్చున్నాడు. "వీళ్ళంతా నా సాక్షులు సార్," అన్నాడు దర్జాగా. మొదట శశికళని పిలిచాడు. పిరికిపిల్ల, చెప్పినట్టు చెబుతుందని వాడి ధైర్యం.

శశికళ లేచింది. "నేనూ కడిగినాను సార్. ఈయన కడగమంటే కడిగినాను. తప్పని తెలిసీ కడిగినాను. నా పేరూ రాసుకోండి."

"నా పేరూ," అంది ప్రిన్సీ. ఆ వెనకే వరసంతా లేచి నిలబడింది. డాక్టరు మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇలా ఒప్పుకుంటే మీ రిజిస్ట్రేషన్లు కూడా పోవచ్చు. తెలుసా?" అడిగాడు అధికారి.

"తెలిసే వచ్చినాము సార్."

జెసింతా లైసెన్సు సస్పెండయింది. మిగతావాళ్ళ మీద విచారణ అన్నారు. మరి డాక్టరు? "డాక్టర్లు మా పరిధిలోకి రారు. వాళ్ళ కౌన్సిల్ వేరే," అన్నాడు అధికారి. గొట్టం పట్టిన చేతికి శిక్ష పడింది. పట్టించినవాడు కారెక్కి పోయాడు. ఆ సెంటు వాసన ఇంకా హాలులోనే ఉంది. బకెట్టు కంపే నయమనిపించింది జెసింతాకి.

"ఆ డాక్టర్ల ఆపీసు యాడుండాదప్పా?" సవరియమ్మ గుమ్మం దగ్గరి ప్యూనుని అడిగింది. అతను దారి చెప్పాడు. నర్సులంతా ఆమె వెంట మెట్లు దిగారు.

జెసింతా హాలులోనే కూర్చుండిపోయింది. తనింక నర్సు కాదు. వాళ్ళ మధ్య తనకేం పని?

సవరియమ్మ వెనక్కి వచ్చి ఆమె రెక్క పట్టుకుంది.

"నిన్ను నేను మన్నించలేదు. సచ్చేదాకా మన్నించను," అంది. "చేసిందానివి నువ్వు. ఆడ నువ్వే చెప్పల్ల. లేచి ముందర నడువు."